అత్తయ్యగారి లెక్కల పుస్తకాల్లో డీజిల్ కారు

పాత డీజిల్ కారున్న ఇంట్లో కాపురం చేసినవాళ్ళకి ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. వంటింట్లో ఉండి, వీధిలో బండి స్టార్టయ్యే చప్పుడు వింటే చాలు, ఆ రోజు ఎలా గడుస్తుందో తెలిసిపోతుంది. మొదటిసారికే అందుకుందా, పిల్లలు బడికి, మగవాళ్ళు పనికి. నాలుగుసార్లు మూలిగి ఆగిపోయిందా, పక్కింటి కుర్రాళ్ళని పిలవాలి, తోయించాలి, తోసినవాళ్ళకి టీలు పెట్టాలి. ఈలోపు పొయ్యిమీద పప్పు అడుగంటుతుంది.

నేను బీఏలో తెలుగు చదువుకున్నదాన్ని. నీకు ఇంజన్ల గొడవెందుకు అనొచ్చు మీరు. కానీ 'బండి మొరాయించింది' అంటాం చూడండి, ఆ మాట సంగతి మాత్రం నేను చెప్పగలను. మొరాయించేది ఎద్దు. కాడి మెడమీద పడగానే అడుగు ముందుకు వెయ్యనని భీష్మించుకుని నిలబడే ఎద్దుకి వాడిన మాటని మనవాళ్ళు కారుకి తగిలించారు. స్కూటరుకి, కొత్త కారుకి ఆ మాట అంతగా అతకదు. పాత డీజిల్ కారుకి మాత్రం కొలత తీసి కుట్టినట్టు సరిపోతుంది.

ఇంక ఆధారాల సంగతి. మా అత్తయ్యగారు ఇంటి ఖర్చులు రాసుకున్న పొడుగు నోటు పుస్తకాలు 17 నా దగ్గరున్నాయి. 1992 నుంచి 2008 వరకు, ఏడాదికొకటి. మా మామయ్యగారికి నరసరావుపేటలో ఎరువుల దుకాణం ఉండేది. పల్లెలకి తిరగాలని 1992లో ఒక డీజిల్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. అది 1984 మోడలు. ఏ కంపెనీదో చెప్పను. ఎందరి చేతులో మారి, ముసలిదైపోయి మా ఇంటికొచ్చిన బండి చేసిన పనులకి, దాన్ని తయారుచేసినవాళ్ళని అనడం న్యాయం కాదు. నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్ళింది 2001లో. అప్పటికి ఆ కారు కథ సగానికి పైగా అయిపోయింది. ఆ సగమూ ఈ పుస్తకాల్లోనే చదువుకున్నాను. పాలు, కూరలు, రేషను, ఫీజులు, వాటి మధ్యలో 'నాజిళ్ళు 2', 'ఫ్యాన్ బెల్టు', 'పంపు కాలిబ్రేషను'. ఇంజను భాష ఆవిడకి ఎవరూ నేర్పలేదు. డబ్బు ఇచ్చేటప్పుడు దేనికని అడిగేవారు, చెప్పింది రాసుకునేవారు. అలా వచ్చింది.

చదువుతూ చదువుతూ నాకు ఒక అనుమానం మొదలైంది. మగవాళ్ళందరూ చెప్పేది ఒకటే మాట కదా, 'డీజిల్ కారు చవక'. నిజమేనా? చవకైతే ఎవరికి?

దీనికి ముందు ఆ ఇంజను కథ కొంచెం చెప్పాలి. రుడాల్ఫ్ డీజిల్ అనే ఆయన 1858లో పారిస్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు జర్మన్లు. ఆ రోజుల్లో లోకమంతా ఆవిరి ఇంజన్ల మీద నడుస్తోంది. వాటిలో వేసిన బొగ్గు వేడిలో పదో వంతు పనికొస్తే గొప్ప. తక్కినదంతా పొగగొట్టం పాలే. కట్టెలపొయ్యి మీద వండినవాళ్ళకి ఆ బాధ తెలుసు, మంట గిన్నెకి తగిలేది కొంచెం, పక్కలకి పోయేది ఎక్కువ. ఈయన పట్టుదలంతా ఆ దుబారాని తగ్గించాలని.

ఆయన ఆలోచన అర్థం కావాలంటే సైకిలు పంపు చాలు. గాలి కొట్టాక పంపు అడుగున చెయ్యి పెడితే వేడిగా తగులుతుంది కదా. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. ఇరవయ్యో వంతుకి నొక్కితే ఎంత వేడెక్కుతుందంటే, అందులోకి నూనెని సన్నగా చిమ్మితే చాలు, అగ్గిపుల్ల లేకుండానే భగ్గుమంటుంది. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్గు ఉంటుంది. డీజిల్ ఇంజనుకి అది అక్కర్లేదు. 1893లో మొదలుపెట్టిన ప్రయోగాల్లో ఒకసారి యంత్రం పేలి ఆయన తృటిలో బతికాడు. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో పరీక్ష పెట్టినప్పుడు ఆ ఇంజను నూనెలోని శక్తిలో నాలుగో వంతుకి పైగా పనిలోకి మార్చింది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఈ రకం ఇంజను ఒకటి వేరుశెనగ నూనెతో నడిచింది. మన అనంతపురం వాళ్ళు విని ఉంటే మురిసిపోయేవారు.

ఆయన అంతం మాత్రం విచారంగా జరిగింది. 1913 సెప్టెంబరు 29 రాత్రి ఆంట్‌వెర్ప్ నుంచి ఇంగ్లండు వెళ్ళే 'డ్రెస్డెన్' అనే ఓడ ఎక్కాడు. భోంచేసి గదికి వెళ్ళాడు. తెల్లారేసరికి లేడు. తర్వాత సముద్రంలో శవం దొరికింది. ఆత్మహత్యా, ప్రమాదమా, ఇంకేమైనానా అని ఇప్పటికీ వాదించుకుంటారు. అప్పటికి ఆయన నిండా అప్పుల్లో ఉన్నాడన్నది మాత్రం తేలింది. ఇంధనం ఆదా చేసే యంత్రం కనిపెట్టినాయన భార్య మార్తా, ముగ్గురు పిల్లలు అప్పులవాళ్ళ ముందు నిలబడ్డారు. పుస్తకాలన్నీ ఆయన ఎలా పోయాడన్నదాని గురించే రాస్తాయి. మర్నాటి నుంచి ఆ ఇల్లు ఎలా గడిచిందో రాసేవాళ్ళు తక్కువ.

స్పార్క్ ప్లగ్గు లేదు అన్నాను కదా, పాత డీజిల్ కారు మొరాయింపులన్నీ దాదాపు అక్కడే పుడతాయి. అంతా వేడి మీద, నూనె చిమ్మే తీరు మీద ఆధారపడి ఉంటుంది. పిస్టన్ రింగులు అరిగిపోతే గాలి సందుల్లోంచి జారిపోతుంది, నొక్కుడు చాలదు, వేడి పుట్టదు. నాజిలు మూతి పాడైతే నూనె మంచులా చిమ్మకుండా చుక్కలుగా పడుతుంది. తెల్లవారుజామున ఇంజను చల్లబడి ఉంటే, స్టార్ట్ చేసేముందు హీటర్ ప్లగ్గులు ఎర్రగా కాలాలి. దానికి బ్యాటరీలో బలం కావాలి. ఇవేవీ కాకపోయినా, నూనె గొట్టంలో గాలి బుడగ చేరితే చాలు, బండి అక్కడే కూలబడుతుంది. 'ఎయిర్ పట్టింది' అంటారు. విచిత్రం ఏమిటంటే, ఇంత పేచీకోరు ఇంజనూ ఒకసారి అందుకుందంటే బ్యాటరీ తీసేసినా నడుస్తుంది. ఆ కాలపు చాలా డీజిల్ కార్లలో తాళం తిప్పితే ఇంజను ఆగేది కాదు. విడిగా ఒక పిడి లాగి నూనె ఆపితేనే ఆగేది. మొదలుపెట్టడమూ కష్టమే, ఆపడమూ కష్టమే. ఇలాంటి బంధువులు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు.

డీజిల్ మొదట్లో కార్లకి కాదు. ఓడలకి, మిల్లులకి, రైళ్ళకి, లారీలకి. కారులో పెట్టి మార్కెట్లోకి తెచ్చింది 1936లో, మెర్సిడెస్ 260 డి అని జర్మనీలో. దాన్ని బాగా ఇష్టపడ్డది టాక్సీ వాళ్ళు. రోజంతా తిరిగేవాడికే కదా నూనె ఖర్చు కనిపించేది.

మన దగ్గర డీజిల్ ఇంజను చప్పుడు ముందు పొలాల్లో వినిపించింది. కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్ల కంపెనీ పూనాలో 1946లో పుట్టింది. కరెంటు రాని రోజుల్లో బావి దగ్గర ఆయిల్ ఇంజను పెట్టుకున్న రైతు గొప్ప రైతు. తర్వాత 1954లో టాటావాళ్ళు జర్మనీ బెంజి కంపెనీతో కలిసి లారీలు మొదలుపెట్టారు. మన పల్లెల్లో, పట్నాల్లో డీజిల్ విద్య తెలిసిన చేతులు తయారైంది ఈ రెండింటి దగ్గరే. బెజవాడలో 1960ల్లో ఆటోనగర్ వెలిసింది. ఆ తర్వాత ఊరూరా ఆ పేరే అయిపోయింది, గుంటూరు ఆటోనగర్, ఒంగోలు ఆటోనగర్ అని. లారీ ఇంజను విప్పినవాడికి కారు ఇంజను ఒక లెక్కా? అందుకే డీజిల్ కారు వచ్చేనాటికి దానికి కావలసిన వైద్యులు మన ఊళ్ళలో ముందే ఉన్నారు.

ఆ కారు వచ్చింది 1980 ప్రాంతంలో. అంబాసిడర్. హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళు కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారుచేసేవారు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారుని మనదిగా చేసుకుని 1957 నుంచి అదే రూపంలో నడిపిస్తున్నారు. దానికి 1489 సీసీ డీజిల్ ఇంజను పెట్టారు. దేశంలో అదే మొదటి డీజిల్ కారు. ఇంజను కూడా ఇంగ్లండు పాత నమూనాయే. అక్కడ వ్యానుల్లో, కాలువల్లో తిరిగే పడవల్లో వాడేవారు. టన్నుకి పైగా బరువున్న కారుకి 40 హార్స్ పవరు కూడా లేని ఇంజను. పడవకి చాలిన ఇంజను పెళ్ళివారి కారుకి చాలాలంటే ఎలా? ముందు సీటు బెంచీలా ఉండేది కాబట్టి ముగ్గురు, వెనక నలుగురు పెద్దలు, ఒళ్ళో పిల్లలు, డిక్కీలో బిందెలు, సారె బుట్టలు. ఘాట్ రోడ్డు వచ్చిందంటే మగవాళ్ళు దిగి నడిచేవారు.

అంత నిదానపు బండిని జనం ఎందుకు కొన్నారు? ధర. 1973లోనూ 1979లోనూ ప్రపంచమంతా చమురు ధరలు మండిపోయాయి. మన ప్రభుత్వం లారీలు, బస్సులు, రైతుల పంపులు నడవాలి కాబట్టి డీజిల్ ధర తొక్కిపట్టి ఉంచింది, పెట్రోలు కార్లవాళ్ళదే కదా అని దాన్ని పెరగనిచ్చింది. చాలా ఏళ్ళపాటు లీటరు డీజిల్ ధర పెట్రోలు ధరలో సగానికి అటూఇటూగా ఉండేది. పైగా డీజిల్ ఇంజను లీటరుకి ఎక్కువ దూరం ఇస్తుంది. పెట్రోలు అంబాసిడర్ ఉన్నవాళ్ళు కూడా ఆ ఇంజను తీయించేసి మటడార్ వ్యాను డీజిల్ ఇంజను బిగించుకునేవారు. 1990ల్లో ప్రీమియర్ పద్మినికి కూడా ఇటలీ వాళ్ళ డీజిల్ ఇంజను పెట్టి 137 డి అని అమ్మారు. రైతుకీ బస్సు ప్రయాణికుడికీ ఇచ్చిన రాయితీ అలా మెల్లగా కార్లవాళ్ళ ట్యాంకుల్లోకి చేరింది. మా మామయ్యగారి ట్యాంకులోకి కూడా. ఆయన దాన్ని తెలివైన పని అనుకునేవారు. ఆ లెక్కలో తెలివైనదే.

ఇప్పుడు పుస్తకాలు తెరుద్దాం. 1994 నవంబరు: 'హీటర్ ప్లగ్గులు 4. తోసిన పిల్లలకి టీ, బిస్కెట్లు.' 1996 జూన్: 'పంపు కాలిబ్రేషను, గుంటూరు. రాను పోను బస్సు చార్జీలు.' కారు బాగుచేయించడానికి బస్సులో వెళ్ళారన్నమాట. 1999 మొత్తం లెక్కపెట్టాను. ఆ ఏడాది డీజిల్ పోయించినట్టు 38 చోట్ల ఉంది, మెకానిక్ పద్దు 21 చోట్ల ఉంది. ఆ డిసెంబరులోనే ఒక పేజీ పైన 'వాషింగ్ మెషీను, సంక్రాంతికి' అని రాసి, దాన్ని ఒక గీతతో కొట్టేసి, కింద 'ఇంజను బోరింగు 16,500' అని ఉంది.

'ఇంజను బోరుకొచ్చింది' అనే మాట మీరూ వినే ఉంటారు. సిలిండరు గోడలు అరిగి ఇంజనాయిలు తాగేయడం మొదలుపెడితే, దాన్ని దింపి, గోడలు మళ్ళీ తొలిచి, కొత్త పిస్టన్లు, రింగులు వేయాలి. పదిహేను రోజుల పని. అయ్యాక మొదటి వెయ్యి కిలోమీటర్లు బండిని మెల్లగా నడపాలి, బాలింతరాలిని చూసుకున్నట్టు. ఆ పదిహేను రోజులూ మామయ్యగారు అద్దె జీపులో పల్లెలు తిరిగారు. ఆ అద్దె కూడా రాసి ఉంది. కానీ మామయ్యగారు 'లీటరుకి పద్నాలుగు ఇస్తోంది' అని స్నేహితులతో చెప్పేటప్పుడు ఈ అద్దె, ఆ బస్సు చార్జీలు, టీలు లెక్కలోకి వచ్చేవి కావు. డీజిల్ డబ్బు దుకాణం గల్లాపెట్టెలోంచి వెళ్ళేది. రిపేరు డబ్బు ఇంటి ఖర్చుల్లోంచి వెళ్ళేది. ఆదా ఒక జేబులో, ఖర్చు ఇంకో కొంగులో.

పొగ సంగతి కూడా ఆ ఇంట్లోనే నేర్చుకున్నాను. నల్లపొగ వస్తే నూనె ఎక్కువ పడుతోంది, లేదా ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయింది. నీలం పొగ వస్తే ఇంజనాయిలు కాలుతోంది. తెల్లపొగ పొద్దున పూట కాసేపైతే ఫర్వాలేదు, రోజంతా వస్తే రేడియేటరు నీళ్ళు లోపలికి పోతున్నాయేమో చూడాలి. మేస్త్రిగారు రాకముందే అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి రోగం చెప్పేసేవారు. ధనుర్మాసంలో ఆవిడ కోపమంతా ఇంకోదాని మీద. చలికి బండి ఎంతకీ అందుకోదు, అందుకుందంటే వాకిట్లో ముగ్గు మీద మసి, బండి కదిలాక ముగ్గు మధ్యలో నల్లని ఆయిలు మరక. దండెం మీద బట్టలు రెండోసారి ఉతికిన రోజులున్నాయి. ఆ పొగ ఊపిరితిత్తుల క్యాన్సరు తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో తేల్చి చెప్పింది. అప్పట్లో మాకు తెలిసిందల్లా బట్టల మీద మసి.

అన్నిటికన్నా నన్ను ఆపేసిన పద్దు ఇది: 'రేషన్ కిరసనాయిలు లేదన్నాడు. బయట కొన్నాం.' 1990ల పుస్తకాల్లో ఇది చాలాచోట్ల ఉంది. రేషను కిరసనాయిలు నీలంగా ఉండేది, మీకు గుర్తుండే ఉంటుంది. బయటికి అమ్మేస్తే పట్టుకోవడానికి రంగు కలిపేవారు. పేదింటి పొయ్యికనీ దీపానికనీ బాగా చవగ్గా ఇచ్చే నూనె అది. డీజిల్‌కీ దానికీ ధరలో తేడా ఉంది కదా, అందుకని దేశమంతటా దాన్ని డీజిల్‌లో కలిపేవారు. డబ్బాలు పట్టుకుని మనం క్యూలో నిలబడితే స్టాకు అయిపోయేది, ఆ నూనె ఇంకెక్కడో ట్యాంకుల్లోకి పోయేది. డీజిల్ ఇంజను పంపుకి వేరే గ్రీజు ఏమీ ఉండదు, డీజిల్ జిడ్డే దానికి చలవ. కిరసనాయిలుకి ఆ జిడ్డు తక్కువ. కల్తీ నూనెతో పంపు అరిగిపోతుంది. మా పంపు అరిగింది దానివల్లేనని నేను చెప్పలేను. కానీ ఒకే పేజీలో పైన 'కిరసనాయిలు లేదన్నాడు', కింద 'పంపు మళ్ళీ' అని చూసినప్పుడు మాత్రం మనసు ఊరుకోలేదు.

ఇది నవ్వి వదిలేసే కల్తీ కాదు. లక్నో ఐఐఎంలో చదువుకుని ఇండియన్ ఆయిల్‌లో ఉద్యోగంలో చేరిన మంజునాథ్ షణ్ముగం అనే యువకుడు ఉత్తరప్రదేశ్‌లోని లఖీంపూర్ ఖేరీలో కల్తీ చేస్తున్న బంకుని మూయించాడు. 2005 నవంబరులో అతన్ని కాల్చి చంపేశారు. 27 ఏళ్ళు. 2011 జనవరిలో మహారాష్ట్రలోని మన్మాడ్ దగ్గర నూనె దొంగల్ని పట్టుకోబోయిన అదనపు కలెక్టరు యశ్వంత్ సోనావనేని నిప్పంటించి చంపారు. డీజిల్‌కీ కిరసనాయిలుకీ మధ్య ఉన్న ఆ రూపాయల తేడా కోసమే ఇదంతా. మన దగ్గర 1999లో దీపం పథకం కింద డ్వాక్రా మహిళలకి గ్యాసు కనెక్షన్లు ఇవ్వడం మొదలయ్యాక కిరసనాయిలు డబ్బా పని మెల్లగా తగ్గుతూ వచ్చింది.

ఇన్ని చెప్పాను కాబట్టి ఆ బండిని నేను తిట్టిపోస్తున్నాననుకోకండి. దాని గొప్ప ఒకటుంది. చెడితే బాగుచేసుకోగలం. స్పానర్లు, స్క్రూడ్రైవరు, టార్చిలైటు, ఓపిక ఉంటే రోడ్డు పక్కన సగం జబ్బులు నయమయ్యేవి. అసలు కారు చరిత్రలో మొదటి దూరప్రయాణమే ఒక ఇల్లాలిది. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ అనే ఆవిడ, కారు కనిపెట్టిన కార్ల్ బెంజ్ భార్య, మొగుడికి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని వందకి పైగా కిలోమీటర్ల దూరంలో ఉన్న పుట్టింటికి బయల్దేరింది. దారిలో నూనె గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి తీసింది. బ్రేకు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు కొట్టించింది. ఇంధనం మందుల షాపులో కొన్నది. అది పెట్రోలు రకం బండే అనుకోండి, అయినా పుట్టింటికి వెళ్ళాలనుకున్న ఆడదాని పట్టుదల ముందు ఏ ఇంజను అయితేనేం.

మా అత్తయ్యగారి పిన్ను సంగతి చెప్తాను. 2003 జూలై. మా ఆడపడుచు పురిటికి వచ్చి ఉంది. రాత్రి పదకొండింటికి నొప్పులు మొదలయ్యాయి, గుంటూరు తీసుకెళ్ళమన్నారు. మా ఆయన ఊళ్ళో లేరు. మామయ్యగారు డ్రైవింగు, పక్కన అత్తయ్యగారు, వెనక నేను ఆ పిల్ల తల ఒళ్ళో పెట్టుకుని. ఫిరంగిపురం దాటాక బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. వాన తుంపర. మామయ్యగారు బానెట్ ఎత్తి చూస్తే డీజిల్ ఫిల్టరు బురదతో నిండిపోయి ఉంది. అప్పటికి ఆయనకి కీళ్ళవాతం, వేళ్ళు వంగేవి కావు. స్పానరు జారిపోతోంది.

అత్తయ్యగారు దిగారు. కొంగు నడుముకి దోపుకుని, డిక్కీలోంచి కొత్త ఫిల్టరు తీశారు. ఎప్పుడూ ఒకటి అదనంగా కొని ఉంచడం ఆవిడ పద్ధతి. పాతది విప్పారు, కొత్తది బిగించారు. ఫిల్టరు మార్చితే ఎయిర్ పడుతుంది కదా, అది తీయాలి. పైన చిన్న స్క్రూ కొంచెం వదులు చేసి, పక్కనున్న చేతి పంపు మీట కొడుతూ ఉంటే నురగలు నురగలుగా డీజిల్ వస్తుంది. బుడగలు ఆగి తేటగా వచ్చేదాకా కొట్టి, అప్పుడు స్క్రూ బిగించాలి. పదకొండేళ్ళు మామయ్యగారికి టార్చి పట్టుకున్న మనిషి ఆవిడ. ఆ రాత్రి టార్చి ఆయన పట్టుకున్నారు. నేను వెనక సీట్లోంచి ఆవిడ మోచెయ్యి పైకీ కిందకీ ఆడటం మాత్రమే చూశాను. ఆడపడుచు 'అమ్మా' అన్నప్పుడల్లా ఆవిడ 'వస్తున్నా, వస్తున్నా' అంటున్నారు, తల ఎత్తకుండా. ఒక లారీ ఆగింది. క్లీనరు దిగొచ్చి, అమ్మాయిని ఎక్కించండి, మేం తీసుకెళ్తాం అన్నాడు. ఈలోపే మూడో సెల్ఫుకి బండి అందుకుంది. లారీ వెనకాలే గుంటూరు పొలిమేర దాకా వచ్చి, హారన్ కొట్టి వెళ్ళిపోయింది.

ఆ తేదీకి పుస్తకంలో ఉన్నది ఇంతే: 'డీజిల్ ఫిల్టరు 1 వాడాం, కొత్తది కొని పెట్టాలి. తెల్లవారుజామున అబ్బాయి.'

ఆ రాత్రికి ఇంకో రకం కారు ఉండి ఉంటే? అప్పటికే వచ్చాయి. టాటావాళ్ళ ఇండికా 1998 చివర వచ్చింది. మన దేశంలోనే రూపుదిద్దుకున్న కారు, డీజిల్‌తో. వారం రోజుల్లో లక్షకి పైగా బుకింగులు వచ్చాయి. మొదట్లో దానిమీదా ఫిర్యాదులు వస్తే, 2001లో బాగుచేసి వి2 అని తెచ్చారు. ఆ తర్వాత కామన్ రైల్ అనే కొత్త పద్ధతి వచ్చింది. ఇటలీ వాళ్ళ ఆల్ఫా రోమియోలో 1997లో మొదలై, మన వీధుల్లోకి 2007 నాటి స్విఫ్ట్ డీజిల్‌తో బాగా పాకింది. నూనెని విపరీతమైన ఒత్తిడితో కొలిచి చిమ్మేది ఒక చిన్న కంప్యూటరు. తెల్లారి చలిలో కూడా ఒక్క తిప్పుకి అందుకుంటుంది. మూలుగులు లేవు, నల్లపొగ లేదు. కానీ అది ఆగిందంటే, టార్చి పట్టుకున్న ఇల్లాలూ ఏం చెయ్యలేదు, లారీ క్లీనరూ ఏం చెయ్యలేడు. మా మేస్త్రిగారు కొత్త బండి బానెట్ ఎత్తి, పైన ప్లాస్టిక్ మూత చూసి, మళ్ళీ దించేసి 'షోరూముకి పంపించండమ్మా, లాప్‌టాప్ కావాలి' అన్నారు. ముప్పై ఏళ్ళు చప్పుడు విని వైద్యం చేసిన మనిషి. నాకైతే నమ్మకమైన బండే కావాలి, ఆ సంగతి నిక్కచ్చిగా చెప్తాను. పురిటి నొప్పుల మధ్య ఎవరూ ఎయిర్ తీయాల్సిన పని ఉండకూడదు. ఆయన చేతుల మీద జాలి వేరే సంగతి.

ఇంక అసలు కీలకం, ధర. పెట్రోలు ధరని ప్రభుత్వం 2010 జూన్‌లో వదిలేసింది. డీజిల్‌ని మాత్రం పట్టుకుంది కాబట్టి కొన్నేళ్ళు జనం డీజిల్ కార్ల కోసం ఎగబడ్డారు. 2013 జనవరి నుంచి నెలకి దాదాపు అర్ధరూపాయి చొప్పున పెంచుకుంటూ పోయి, 2014 అక్టోబరులో దాన్నీ వదిలేశారు. ఆ ఏడాది మే నెలలోనే ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. 2020 ఏప్రిల్‌లో పొగ నిబంధనలు బాగా బిగించాక మారుతివాళ్ళు డీజిల్ కార్లే మానేశారు. రెండు ధరల మధ్య తేడా మీద పుట్టిన కారు, ఆ తేడా తగ్గగానే చిన్న కార్ల మార్కెట్లోంచి తప్పుకుంది. ఇంజను గొప్పదనం మీద నిలబడి ఉంటే అంత త్వరగా పోయేది కాదేమో.

మా బండి ఇదంతా చూడలేదు. పదిహేనేళ్ళకి ఒకసారి, ఆ పైన అయిదేళ్ళకి ఒకసారి ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటూ వచ్చారు, 1999లో, 2004లో. మళ్ళీ 2009లో చేయించాలి. ఆ ముందు ఏడాదే అత్తయ్యగారు ఒక మధ్యాహ్నం పుస్తకాలన్నీ కింద పరుచుకుని కూర్చున్నారు. నన్ను కాలిక్యులేటరు నొక్కమన్నారు. డీజిల్ కాబట్టి పెట్రోలు మీద మిగిలింది ఎంత అని మామయ్యగారి చేతే ఏడాది ఏడాదికీ చెప్పించి ఒక వరసలో రాయించారు. రిపేర్లు, అద్దె జీపులు, బస్సు చార్జీలు, బ్యాటరీలు ఇంకో వరసలో. రెండు వరసలూ కూడితే, పదహారేళ్ళకి రెండింటికీ మధ్య తేడా మూడు వేల చిల్లర. మిగిలిన వైపే, అది నిజం. మామయ్యగారు 'చూశావా' అన్నారు. అత్తయ్యగారు 'ఇందులో టీలు వెయ్యలేదు' అన్నారు. ఆయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత తనే మేస్త్రిగారికి ఫోన్ చేసి బేరం చూడమన్నారు.

2008 సెప్టెంబరులో బండిని 18,000కి అమ్మారు. కొన్నవాళ్ళు పల్నాడు వైపు వాళ్ళు, స్పేర్ పార్టుల కోసం తీసుకెళ్ళారు. పుస్తకంలో ఆ అంకె కింద ఇంకో పద్దు ఉంది: 'వాషింగ్ మెషీను, సెమీ ఆటోమేటిక్, 7,400. మిగతావి బ్యాంకులో.'